శస్త్రచికిత్సకు ముందు పిల్లల భయం తగ్గించడం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

బరంపురంలో అమ్మవారి ఉత్సవమైన ఠాకురాణి యాత్ర జరుగుతున్న రోజుల్లో, పర్లాకిమిడి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆరేళ్ల బాబు ఒకడు ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు నా చెయ్యి పట్టుకొని, “సిస్టరమ్మా, పులి వేషాలు ఈ గదిలోనే ఉన్నాయా?” అని అడిగాడు. యాత్ర చూపిస్తామని చెప్పి వాణ్ణి ఇంటి నుంచి బయలుదేరదీశారు. గజ్జలో హెర్నియాకు ఆపరేషన్ చేయించడానికి వచ్చామన్న సంగతి ఆ పిల్లవాడికి తప్ప వెంట వచ్చిన నలుగురికీ తెలుసు. తలుపు తెరుచుకోగానే పచ్చ బట్టలు, టోపీలు, ముసుగులు వేసుకున్న మనుషులు కనిపించారు. వాడు ఏడవలేదు, వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూశాడు. ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. పది రోజుల తరువాత గాయం చూపించడానికి తీసుకొచ్చినప్పుడు మాత్రం, బజారుకు వెళ్దామన్నా వాడు నమ్మడం లేదనీ, బస్సు ఎక్కమంటే వణికిపోతున్నాడనీ తల్లి కన్నీళ్లు పెట్టుకుంది.

శస్త్రచికిత్స వార్డుల్లో నర్సుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన నాకు ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. బిడ్డ బెదిరిపోతాడని జాలిపడి అబద్ధం చెప్పారు. పిల్లలకు నిజం చెప్పాలి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి, తగిన సమయంలో చెప్పాలి. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ ఒక్క పనిని ఎలా చేయాలో వివరించడానికే. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని రాశాను.

పిల్లల భయాన్ని తేలికగా తీసుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు బాగా ఆందోళన పడిన పిల్లలకు ఆ తరువాత నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, నిద్ర చెడుతుంది. అమెరికాలో జీవ్ కెయిన్ అనే మత్తుమందు వైద్యుడూ ఆయన సహచరులూ టాన్సిల్స్ ఆపరేషన్‌కు వచ్చిన 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 241 మందిని పరిశీలించి, 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఈ సంగతినే చూపించారు. మరుసటి ఏడు అదే బృందం 408 మంది పిల్లలతో చేసిన మరో అధ్యయనంలో, కుటుంబాన్ని ముందుగా సిద్ధం చేసి, మాస్కును ఇంటి దగ్గరే అలవాటు చేయించి, థియేటర్ దాకా పిల్లల దృష్టి మళ్లించేలా తల్లిదండ్రులకు నేర్పినప్పుడు పిల్లల ఆందోళన తగ్గింది. మత్తు వదిలేటప్పుడు వచ్చే కలవరమూ తగ్గింది, ఇంటికి త్వరగా పంపగలిగారు. వాళ్లు నేర్పిన వాటిలో చాలావరకు మన ఇళ్లలో రూపాయి ఖర్చు లేకుండా చేసుకోగలిగినవే.

మొదటి మెట్టు: ముందు మీరు తెలుసుకోండి

తల్లి గుండె దడ బిడ్డకు తెలుస్తుంది. మీకే ఏం జరగబోతోందో తెలియనప్పుడు ఎంత ధైర్యం నటించినా, మీ గొంతులోని తడబాటును పిల్లలు పసిగడతారు. అందుకని ఆపరేషన్ తేదీ నిశ్చయమైన రోజే వైద్యులను కొన్ని ప్రశ్నలు అడిగి, సమాధానాలు ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడ తెరుస్తారు, ఎంతసేపు పడుతుంది, మత్తు సూది ద్వారా ఇస్తారా లేక మాస్కు ద్వారా ఇస్తారా, మత్తు వచ్చేదాకా మేం పక్కన ఉండవచ్చా, మెలకువ వచ్చేసరికి ఒంటి మీద ఏమేం ఉంటాయి, నొప్పికి ఏ మందు ఇస్తారు, ఇంటికి ఎప్పుడు పంపుతారు అన్నవి తప్పక అడగవలసినవి. సమ్మతి పత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే, సంతకానికి ముందు తెలుగులో చదివి చెప్పమనండి. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

మత్తు డాక్టరుకు మీరు చెప్పవలసినవి కూడా ఉన్నాయి. బిడ్డకు జలుబు, దగ్గు, జ్వరం ఉన్నాయా, ఏ మందుకైనా దద్దుర్లు వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది కలిగిందా అన్న సంగతులు దాచకండి. తేదీ వాయిదా పడుతుందని జలుబును దాచేవాళ్లను చూశాను. మత్తులో ఊపిరికి అది నిజంగా ఇబ్బంది తెస్తుంది. ఆరేడేళ్ల పిల్లల్లో కదులుతున్న పాలపన్ను ఉంటే దాన్ని కూడా చూపించాలి, ఎందుకంటే నోట్లో గొట్టం వేసేటప్పుడు అది ఊడి లోపలికి పోయే ప్రమాదం ఉంది.

రెండవ మెట్టు: ఎప్పుడు చెప్పాలి

మూడేళ్లలోపు పిల్లలకు రేపు, ఎల్లుండి అన్న లెక్క ఉండదు. వాళ్లకు ఒక రోజు ముందు రెండు మూడు మాటల్లో చెప్పి, ఆ ఉదయం మళ్లీ చెబితే సరిపోతుంది. ఇంకా ముందుగా చెబితే భయపడే రోజులను పెంచినట్టే అవుతుంది. నాలుగైదేళ్ల వాళ్లకు రెండు మూడు రోజుల ముందు చెప్పవచ్చు. ఆరేళ్లు దాటిన పిల్లలకు మాత్రం కనీసం అయిదారు రోజులు, వీలైతే వారం ముందు చెప్పాలి. విన్నదాన్ని మనసులో తిప్పుకోవడానికి, అడగడానికి, ఏడవడానికి, మళ్లీ అడగడానికి వాళ్లకు ఆ వ్యవధి కావాలి. ముందురోజు రాత్రి హఠాత్తుగా చెబితే ఈ వయసు పిల్లలకు భయమే మిగులుతుంది.

పన్నెండేళ్లు దాటిన వాళ్లను తేదీ నిర్ణయించేటప్పుడే కూర్చోబెట్టుకోండి. మధ్యలో మెలకువ వస్తుందేమో, అసలు మెలకువే రాదేమో, బట్టలు లేకుండా అందరూ చూస్తారేమో అన్న మూడు భయాలు వాళ్లలో తరచుగా ఉంటాయి, కానీ పైకి చెప్పరు. పదమూడేళ్ల అమ్మాయి మీ ఎదుట అడగలేనిది నర్సును ఒంటరిగా అడగగలదు. ఆ అయిదు నిమిషాలు మీరు బయటికి వెళ్లండి.

నెలల పసిబిడ్డకు మాటలతో పనిలేదు. గ్రహణం మొర్రి ఆపరేషన్ పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో జరుగుతుంది. ఆ బిడ్డకు కావలసింది తల్లి ఒంటి వాసన, అలవాటైన గుడ్డ, తెలిసిన గొంతు. ఏడెనిమిది నెలలు దాటాక పిల్లలు కొత్త ముఖాలకు బెదురుతారు కాబట్టి, ఒకే మనిషి చేతిలో ఉంచి, చేతులు మారకుండా చూడండి.

మూడవ మెట్టు: ఏ మాటలతో చెప్పాలి

ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే మన ఇళ్లలో భయానికి విత్తనం మాటల్లోనే పడుతుంది. అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి సూది పొడిపిస్తానని బెదిరించని ఇల్లు ఎక్కడో ఒకటి ఉంటుంది. అలా పెరిగిన బిడ్డకు తెల్లకోటు అంటే శిక్ష. ఆ పైన, ఐసు తినొద్దంటే విన్నావా, అందుకే టాన్సిల్స్ వచ్చాయని ఇంట్లో పెద్దలు అంటారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు తమకు జబ్బు రావడం తమ తప్పుకు ఫలమని సులభంగా నమ్ముతారు. కాబట్టి అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఇది: “నాన్నా, ఇది నువ్వేదో చేసినందుకు వచ్చింది కాదు. ఎవరూ నిన్ను కొట్టడానికి తీసుకెళ్లడం లేదు.” బెదిరించిన అలవాటు ఉంటే, అది తప్పని బిడ్డ ఎదుటే ఒప్పుకోండి. అలా ఒప్పుకొన్న నాన్నల మాట పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో నేను చూశాను.

కోయడం అన్న మాటను వాడకండి. మన పిల్లలకు ఆ మాట కూరగాయలతో, కోడితో, అమ్మవారి పండుగలో మేకతో ముడిపడి ఉంటుంది. తెరిచి బాగుచేస్తారు, తరువాత మూసి పట్టీ వేస్తారు అనండి. మత్తు అన్న మాటకు పల్లెల్లో కల్లు, సారా గుర్తొస్తాయి. మందు నిద్ర అంటే మేలు, కాని దాన్ని కూడా వివరించకుండా వదిలేయకూడదు. తాతగారు నిద్రలోనే పోయారు అని మనం మామూలుగా అంటాం, ఆ మాట విన్న పిల్లవాడికి నిద్రపుచ్చుతారు అంటే ఏమనిపిస్తుందో ఆలోచించండి. ఒక పాప ఆపరేషన్‌కు ముందురోజు రాత్రంతా కళ్లు మూయకుండా కూర్చుంది. ఉదయం బుజ్జగించి అడిగితే, “మామ్మ నిద్రపోయి లేవలేదు కదా,” అంది.

అందుకే ఆ నిద్ర ఎలాంటిదో విడమరచి చెప్పాలి. ఇలా చెప్పవచ్చు: “ఇది రాత్రి పడుకునే నిద్ర లాంటిది కాదు. మందు ఇచ్చినంతసేపే ఉంటుంది. ఆ నిద్రలో నీకు నొప్పి తెలియదు, మధ్యలో మెలకువ రాకుండా ఒక డాక్టరు నీ పక్కనే కూర్చొని చూస్తూ ఉంటారు. పని అయిపోయాక మందు ఆపేస్తారు, అప్పుడు నువ్వు లేస్తావు.” ఆ డాక్టరు పని మీ బిడ్డను కనిపెట్టుకొని ఉండటమే అన్న సంగతి పిల్లలకు ఎంతో ఊరట ఇస్తుంది. పెద్దలకు కూడా ఇస్తుంది.

అసలు నొప్పే ఉండదు అని మాత్రం అనకండి. చీమ కుట్టినట్టు ఉంటుందనడం మనకు అలవాటు, కాని గండుచీమ కుట్టి ఏడ్చిన పిల్లవాడికి అది ఊరట కాదు. సూది వేసేటప్పుడు ఒకసారి చురుక్కుమంటుంది, నువ్వు పది లెక్కపెట్టేలోపు తగ్గుతుంది అని చెప్పండి. లేచాక పట్టీ వేసిన చోట సలుపుతుంది, నువ్వు చెప్పగానే సిస్టరు మందు ఇస్తారు అని చెప్పండి. ఏది తాకరో కూడా చెప్పాలి. హెర్నియాకో వరిబీజానికో వచ్చిన మగపిల్లలు తమ అంగాన్ని తీసేస్తారని లోలోపల హడలిపోతారు. టాన్సిల్స్ తీయించుకునే పిల్లలు మాట పోతుందనుకుంటారు. అడగకపోయినా మీరే ముందుగా ఆ భయాన్ని పేరు పెట్టి తీసేయండి.

నాలుగవ మెట్టు: ఇంట్లో ఆటగా ఆడించండి

మాట చెవి దాకా వెళ్తుంది, ఆట చేతుల్లోకి వెళ్తుంది. పాత చీరముక్కతో ఒక బొమ్మ చేయండి. దాని చేతికి రిబ్బను ముక్కతో పట్టీ కట్టండి, అదే సెలైన్ సూది ఉండే చోటు అని చూపండి. తరువాత బొమ్మను పిల్లల చేతికే ఇచ్చి, డాక్టరు వేషం వాళ్లకే వదిలేయండి. మొదటి రోజు చాలామంది పిల్లలు బొమ్మను గట్టిగా పొడుస్తారు, తిడతారు, ఏడ్చావంటే ఇంకో సూది అని బెదిరిస్తారు. ఆపకండి, వింటూ ఉండండి. వాళ్ల మనసులో ఏముందో ఆ ఆటలో బయటపడుతుంది. ఒక బాబు బొమ్మ కడుపు మీద పట్టీ వేసి, మళ్లీ విప్పి, లోపల చూసి, మళ్లీ వేసి, అలా ఇరవై సార్లు చేశాడు. నేను పక్కన కూర్చొని ఏం వెతుకుతున్నావని అడిగితే, “అన్నీ లోపలే ఉన్నాయా అని చూస్తున్నా,” అన్నాడు. ఆ మాట వల్లే వాడికి ఏం చెప్పాలో నాకు తెలిసింది.

మాస్కు ద్వారా మత్తు ఇస్తామని డాక్టరు చెప్పి ఉంటే, దాన్ని రోజూ రెండు నిమిషాలు సాధన చేయించండి. ఉబ్బసానికో దగ్గుకో నెబులైజర్ పెట్టించుకున్న పిల్లలకు ఆ మాస్కును గుర్తుచేస్తే చాలు. మిగిలిన వాళ్లకు మీ అరచేతిని గిన్నెలా మడిచి ముక్కు, నోటి మీద ఆనించి, బుడగ ఊదినట్టు ఊదమనండి, తరువాత పీల్చమనండి. ముందు మీరు పెట్టుకోండి, తరువాత బొమ్మకు పెట్టండి, చివరికి బిడ్డకు. మాస్కులో కొత్త వాసన వస్తుందని, అది నచ్చకపోతే నోటితో ఊపిరి తీసుకోవచ్చని చెప్పండి.

పచ్చ బట్టల సంగతికి మన పిల్లల దగ్గర ఒక మంచి పోలిక ఉంది. ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి చిన్నపిల్లలకు సైతం వేషాలు వేస్తారు, ఒంటికి రంగులు పూసుకొని పులి ఆట ఆడతారు. రంగు కింద ఉన్నది పక్కింటి అన్నయ్యే అని బరంపురం పిల్లలకు తెలుసు. థియేటర్లో డాక్టర్లు, సిస్టర్లు కూడా మన ఒంటి దుమ్ము నీ గాయానికి తగలకుండా టోపీ, ముసుగు వేసుకుంటారు, లోపల ఉన్నది నిన్న వార్డులో నిన్ను పలకరించిన డాక్టరుగారే అని చెప్పండి. కుదిరితే, ముసుగు లేకుండా ఒకసారి, వేసుకొని ఒకసారి ముఖం చూపమని డాక్టరును కోరండి. అర నిమిషం పని కనుక చాలామంది కాదనరు.

ఐదవ మెట్టు: ఆసుపత్రి భాషను పరిచయం చేయండి

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పటి నుంచి మన ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా నడుస్తున్నాయి. పెద్దలకు రెండూ సమానమే, కానీ భయపడ్డ బిడ్డకు ఇంటి భాష తప్ప మరొకటి చెవికెక్కదు. బడికి వెళ్లని మూడేళ్ల పాప బరంపురంలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరుతో ఉన్న, 1962లో మొదలైన వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరితే, చుట్టూ వినిపించే మాటలన్నీ ఆమెకు కొత్తవే. ఒడియా బడిలో చదివిన రాయగడ పిల్లవాడు విశాఖపట్నం వెళ్తే మాట అర్థమవుతుంది కాని, గోడల మీది తెలుగు రాతలు చదవలేడు. ఈ రెండు ఇబ్బందులూ చిన్నవిగా కనిపిస్తాయి, అయినా ఒంటరిగా బల్ల మీద పడుకున్న పిల్లలకు చిన్నవి కావు.

కాబట్టి వారం ముందు నుంచి పది మాటలు ఆటగా నేర్పండి. ఛుంచి అంటే సూది. పాణి అంటే నీళ్లు. పాటి మెలా కర అంటే నోరు తెరువు. శోష అంటే దాహం, బాంతి అంటే వాంతి, పరిస్రా అంటే మూత్రం. కష్ట హేఉఛి కి అని అడిగితే నొప్పిగా ఉందా అని అర్థం, ఉంటే తల ఊపి ఆ చోటు చూపాలి. నాకు తెలుగు అర్థమవుతుంది అన్న వాక్యాన్ని కూడా ఒడియాలో నేర్పితే ఇంకా మేలు. అలాగే మీ బిడ్డ ఇంట్లో మూత్రానికి, నొప్పికి, నీళ్లకు వాడే ముద్దుమాటలను ఒక కాగితం మీద ఒడియా లిపిలో రాసి నర్సు చేతికివ్వండి. మెలకువ వచ్చిన పిల్లలు ముందుగా అడిగేవి అవే, వాటిని అర్థం చేసుకోలేక మేం తికమకపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తిగారు సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు. గుణుపూర్, పర్లాకిమిడి వార్డుల్లో ఈనాటికీ సవర తల్లులు బిడ్డలతో కూర్చొని ఉంటారు. పక్క మంచం మీద అలాంటి పాప ఉండి, మీకు నాలుగు సవర ముక్కలు వస్తే, ఆమెతో మాట్లాడండి.

ఆరవ మెట్టు: ముందురోజు, ఉపవాసం

మత్తులో ఉన్నప్పుడు కడుపులోని ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది, అందుకే కడుపు ఖాళీగా ఉండాలి. సాధారణంగా పాటించే లెక్క ఇది: అన్నం, టిఫిన్ వంటి తేలికపాటి ఆహారానికి, ఆవుపాలకు, డబ్బా పాలకు ఆరు గంటలు, నూనె వంటలకు, మాంసానికి ఎనిమిది గంటలు, తల్లిపాలకు నాలుగు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు. మీ మత్తు డాక్టరు చెప్పిన సమయమే మీకు ప్రమాణం. అర్ధరాత్రి తరువాత ఏమీ పెట్టొద్దని మాత్రమే చెప్పి ఆపరేషన్ పదకొండు గంటలకు పెట్టారనుకోండి, ఉదయం ఎన్ని గంటల దాకా మంచినీళ్లు తాగించవచ్చో మీరే అడగండి. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన బిడ్డను ఏ ఆటతోనూ ఊరడించలేం.

మన ప్రాంతంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. తరవాణి, పఖాళ అనే చద్దన్నం మీది తొరాణి, గంజి, చోడి అంబలి నీళ్లే కదా అని తాగిస్తారు. అవి నీళ్ల లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకే వస్తాయి. బిడ్డ ఏడుస్తున్నాడని మామ్మ కొంగు చాటున బిస్కెట్టు ఇచ్చినా ఆపరేషన్ వాయిదా పడుతుంది, దాస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఉపవాసం ఎందుకో ఇంటిల్లిపాదికీ చెప్పండి, బిడ్డ ఎదుట ఎవరూ తినకండి. పొద్దున్న నువ్వు తినకూడదు, నేనూ నీతోపాటే ఉంటాను, లేచాక ఇద్దరం కలిసి తిందాం అన్న మాట నాలుగేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది.

వెండి మొలతాడు, మురుగులు, చెవిపోగులు ఇంటి దగ్గరే తీసేయండి. థియేటర్లో రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంటుంది. గోళ్ల రంగు, గోరింటాకు వద్దు, వేలికి పెట్టే యంత్రం ఆక్సిజన్‌ను సరిగా చూపకపోవచ్చు. తాయెత్తు విషయంలో తొందరపడకండి. అది తీస్తే ఏదో అవుతుందని విన్న పిల్లలు ఆఖరి నిమిషంలో ఎవరో దాన్ని తెంపితే గుండెలు పగిలేలా ఏడుస్తారు. ముందురోజే బిడ్డ చేతనే విప్పించి, నువ్వు లేచేదాకా నా చేతిలో ఉంటుందని చెప్పి దగ్గర పెట్టుకోండి.

దూరం నుంచి వెళ్లేవాళ్లు వీలైతే ఒక రోజు ముందే చేరి, బిడ్డకు వార్డు, మరుగుదొడ్డి, మీరు పడుకునే చోటు చూపండి. తెల్లవారుజామున బస్సు దిగి పరుగున వచ్చిన పిల్లలు నిద్రలేమితోనే సగం చికాకుపడతారు. సంచిలో బొమ్మ, వాడుకున్న దుప్పటి, ఇష్టమైన పాటలున్న ఫోను ఉంటే చాలు.

ఏడవ మెట్టు: సూది, ఎదురుచూపు

వెనక్కి పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కన్నా పిల్లలను భయపెట్టేది మరొకటి లేదు. నాలుగేళ్ల పాపను ఒడిలో మీ వైపు తిప్పి కూర్చోబెట్టుకొని, ఒక చేతిని మాత్రం నర్సుకు అందనివ్వండి. చేతిని కదలకుండా పట్టేది మీ కౌగిలే అవుతుంది. చర్మాన్ని మొద్దుబార్చే పూతమందు ఉంటే గంట ముందు రాయాలి, కాబట్టి వార్డులో చేరగానే అడగండి. సూది వేసే క్షణంలో చూడొద్దు అనడం కన్నా, చూస్తావా, అమ్మ ముఖం చూస్తావా అని అడగడం మేలు, ఎందుకంటే కొందరు పిల్లలకు చూస్తేనే నెమ్మది. అదే సమయంలో నెమ్మదిగా ఊదమనండి, కిటికీలోంచి కనిపించే కాకులను లెక్కపెట్టమనండి, ఇష్టమైన పాట పెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మగపిల్లాడివి, ఏడుస్తావా అన్న మాట ఎంత దగ్గరి బంధువు అన్నా అక్కడే ఆపండి.

ఎంపిక ఇవ్వగలిగిన చోట ఇవ్వండి: ఏ చేతికి సూది, బొమ్మను ఏ పక్కన పెట్టుకోవాలి, నడిచి వెళ్తావా స్ట్రెచర్ మీద వెళ్తావా. ఆపరేషన్ వద్దా కావాలా అని మాత్రం అడగకండి. వద్దంటే మీ దగ్గర సమాధానం ఉండదు.

ఎనిమిదవ మెట్టు: థియేటర్ తలుపు

పిల్లలు ఆసుపత్రిలో ఉంటే తల్లిదండ్రులను దగ్గర ఉండనివ్వాలని 1959లో బ్రిటన్‌లో హ్యారీ ప్లాట్ అనే వైద్యుడి అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసు చేసింది. అప్పటిదాకా చాలా చోట్ల తల్లులు గాజు కిటికీ అవతలే నిలబడేవాళ్లు. మన దగ్గర కొన్ని ఆసుపత్రులు మత్తు ఇచ్చేదాకా ఒకరిని లోపలికి రానిస్తాయి, కొన్ని రానివ్వవు. రానిస్తే ఎవరు వెళ్లాలో జాగ్రత్తగా నిర్ణయించండి. నెమ్మదిగల తల్లి పక్కనుంటే బెదిరిన బిడ్డకు నిజంగా మేలు జరుగుతుంది, ఏడ్చే తల్లి వెంట ఉంటే బిడ్డ భయం పెరుగుతుంది. మీకు కళ్లు తిరుగుతాయనుకుంటే తండ్రినో మేనమామనో పంపండి, అందులో తప్పేమీ లేదు. బిడ్డ కళ్లు తేలిపోవడం, ఒళ్లు వదులవడం, కాళ్లు చేతులు కాస్త కదలడం మత్తు ఎక్కేటప్పుడు మామూలే. నర్సు వెళ్లమనగానే నుదుటి మీద ముద్దుపెట్టి బయటికి వచ్చేయండి.

రానివ్వకపోతే, బాగా భయపడే పిల్లలకు మిడజోలం వంటి మందును ముందుగా నోటితో ఇవ్వవచ్చేమో మత్తు డాక్టరును అడగండి. అర గంటలోపే అది పనిచేస్తుంది, విడిపోయే క్షణం తేలికవుతుంది. మోతాదు బరువును బట్టి ఆయనే నిర్ణయిస్తారు. తలుపు దగ్గర దొంగచాటుగా మాయం కాకండి. నేను ఈ ఎర్ర బెంచీ మీదే కూర్చొని ఉంటాను, నువ్వు లేచేటప్పటికి వస్తాను అని చోటు చూపి చెప్పండి, చెప్పిన చోటే కూర్చోండి.

అత్యవసర ఆపరేషన్‌లో ఈ వ్యవధి ఉండదు. అపెండిక్స్ నొప్పితో అర్ధరాత్రి వచ్చిన బిడ్డకు ముఖానికి దగ్గరగా వంగి మూడే మాటలు చెప్పండి: ఏం చేస్తారో, నొప్పి తెలియదని, మీరు ఎక్కడ ఉంటారో.

తొమ్మిదవ మెట్టు: మెలకువ, ఆ తరువాతి వారాలు

మాస్కు మందు తరువాత, రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొందరు లేస్తూనే అరుస్తారు, తన్నుతారు, తల్లిని కూడా గుర్తుపట్టనట్టు చూస్తారు. చాలావరకు అర గంటలోపు అది తగ్గిపోతుంది, పిల్లలకు గుర్తు కూడా ఉండదు. వెలుతురు తగ్గించి, ఒకే గొంతుతో మెల్లగా మాట్లాడుతూ, సెలైన్ చేతిని కాపాడండి. నొప్పి వల్ల కూడా అలా ఏడవవచ్చు కాబట్టి నర్సుకు చెప్పండి.

ఇంటికి వచ్చాక రెండు వారాల దాకా పక్క తడపడం, పీడకలలు, కొంగు వదలకపోవడం, తిండి తగ్గడం చాలా మంది పిల్లల్లో కనిపిస్తాయి. దండించకండి, వెక్కిరించకండి. బొమ్మకు మళ్లీ మళ్లీ ఆపరేషన్ చేస్తుంటే చేయనివ్వండి. నెల దాటినా తగ్గకపోతే పిల్లల వైద్యులకు చూపించండి. జ్వరం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, గాయం నుంచి చీము గాని రక్తం గాని కారడం ఉంటే ఆగకూడదు. టాన్సిల్స్ తీసిన పిల్లల్లో అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య రక్తస్రావం జరిగే వీలుంది. బిడ్డ మాటిమాటికీ గుటకలు మింగుతున్నా, రక్తం ఉమ్మినా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయలుదేరండి. నోట్లో ఉప్పగా అనిపిస్తే అర్ధరాత్రయినా నన్ను లేపు అని బిడ్డకు ముందే చెప్పి ఉంచండి.

కుట్లు ఎప్పుడు చూస్తారో, విప్పవలసినవో, వాటంతట అవే కరిగేవో బిడ్డ వింటుండగానే డాక్టరును అడగండి. ఆ రోజు తెల్లవారగానే, “ఈవేళ బరంపురం ఆసుపత్రికి వెళ్తున్నాం, పట్టీ తీసి చూస్తారు, కాస్త చిరచిరలాడుతుంది, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాం,” అని చెప్పి బస్సు ఎక్కించండి.